ఆదివారం నిద్రపోయే సర్వర్

మొన్న రక్తపరీక్ష కోసం పరగడుపున ల్యాబుకు వెళ్లాను. అక్కడి నర్సు నా మోచేతి మడతలో స్పిరిట్ దూదితో తుడిచింది. సూది ఇంకా తాకకముందే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంకా గుచ్చనే లేదు పెద్దమ్మా" అని ఆ అమ్మాయి నవ్వింది. ఆ చల్లదనం, ముక్కుకు తగిలి ఇట్టే ఎగిరిపోయే ఆ ఘాటు నాకు ఆసుపత్రిని గుర్తుచేయవు. దబీర్‌పురా స్టేషన్ వెనక మా గల్లీలో, పక్కింటి ముందుగదిలో వీసీఆర్ మూత విప్పి, పుల్లకు చుట్టిన దూదిని స్పిరిట్‌లో ముంచి, లోపల తిరిగే భాగాన్ని చంటిపిల్ల చెవి తుడిచినంత మెల్లగా తుడిచే డేవిడన్న గుర్తొస్తాడు. సూది ఎప్పుడు గుచ్చిందో, ఎప్పుడు తీసిందో కూడా నాకు తెలియలేదు.

మీలో ఎవరూ ఆయనను చూసి ఉండరు, అందుకని కొంచెం చెబుతాను. డేవిడన్న రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. పొట్టి మనిషి, పెద్ద చెవులు. ఆ చెవులతోనే ఆయన సగం రిపేర్లు చేసేవాడు. నేను సర్కారు ఆఫీసులో ఆడిట్ సెక్షన్‌లో పనిచేసినదాన్ని. లెక్క తేలకపోతే నాకు అన్నం సహించదు. గ్యాస్ బండ మార్చిన తేదీ, మనవరాలికి మొదటి పన్ను వచ్చిన వారం, పాలావిడ రాని రోజు, అన్నీ మా ఇంటి కేలెండరు మీద ఉంటాయి. లెక్క తప్పిందంటే ఎవరో తప్పు చేశారు, ఆ మనిషి పేరు దొరికితే పని అయిపోయినట్టే అని నమ్మి ఒక ఉద్యోగమంతా చేశాను. ఆ నమ్మకాన్ని డేవిడన్న ఒక్కసారి కూడా ఖండించలేదు. దాని పక్కన కూర్చుని తన పని తాను చేసుకుపోయాడు, అంతే.

ఆయన కుటుంబం రైల్వే క్వార్టర్స్ ఖాళీ చేసి మా పక్కింట్లోకి వచ్చిన కొత్తలోనే నీళ్ల మోటారు గొడవ జరిగింది. సంపు నిండా నీళ్లున్నా పై ట్యాంకుకు ఎక్కడం లేదు. మా పై వాటాలో అద్దెకున్నవాళ్లే ఏదో చేశారని నేను తీర్మానించేసుకుని, మెట్ల మీద నిలబడి గల్లీకి వినబడేలా అడుగుతున్నాను. డేవిడన్న గేటు తీసుకుని లోపలికొచ్చాడు.

"చెల్లే, జర లొల్లి ఆపు. మోటర్ ఏమంటుందో ఇననీ."

నన్ను అప్పటిదాకా ఎవరూ అలా ఆపలేదు. ఆశ్చర్యంలోనే నోరు మూతపడింది. ఆయన పైపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు. "ఉత్తగ గాలి గుంజుతున్నది" అని, సంపులోకి వంగి, అడుగున పైపు మూతికి చుట్టుకున్న చీర పీలికను లాగి బయటపడేశాడు. పైన ట్యాంకులో నీళ్ల చప్పుడు మొదలైంది.

"ఆ పీలిక ఎవరిది? ఎవరు పడేసిన్రు?" అన్నాను నేను.

"నీళ్లు ఎక్కినయా?"

"ఎక్కినయ్."

"ఇగ పోయి తానం చెయ్. గర్మీ తగ్గుతది."

పై వాటా కోడలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత కొన్ని వారాలు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే రోజూ గేటు దగ్గర, "ఏం చెల్లే, నీళ్లు మంచిగ వస్తున్నయా?" అని అడిగేవాడు. అది ఎకసెక్కమో నిజంగా అడగడమో తేల్చుకోలేక చివరికి నేనే జవాబు చెప్పడం మొదలుపెట్టాను.

నేను రిటైరైన ఏడాది మా గల్లీ చివర ఉన్న ఫోటో స్టూడియో మూతపడింది. ఇంటికి తీసుకెళ్లకుండా జనం వదిలేసిన పెళ్లి క్యాసెట్లను ఆ యజమాని రెండు గోనెసంచుల్లో కట్టి చెత్తబండికి వేయబోతుంటే, డేవిడన్న ఆ సంచులను తన ఇంట్లోకి మోయించుకున్నాడు. పాత ఆఫీసు కంప్యూటరు పెట్టె ఒకటి కొని, అందులో కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించాడు. అంటే తిరిగే పళ్లెం లేని, చప్పుడు చేయని, అరచేతిలో పట్టేంత డ్రైవ్. దానికి ఆయన పెట్టిన పేరు సర్వర్. నాకది పెద్ద మాటగా తోచింది. గల్లీలో ఎవరైనా తమ ఫోనులో నుంచే అందులోని పెళ్లి చూసుకోవచ్చు, దాని పని అంతే. క్యాసెట్ల మీది పేర్లు చదివి, అవి ఎవరివో కనుక్కునే పని నాకు అప్పజెప్పాడు. "నీకు ఈ గల్లీల అందరి పెండ్లి తారీఖులు ఎరుకనాయె" అన్నాడు. అది పొగడ్తే. నేను అలాగే తీసుకున్నాను.

ఆయన భార్య మెర్సీ వదినకు మాత్రం ఆ పెట్టె మీద మొదట్లో పెద్దగా ప్రేమ లేదు. కానీ క్రిస్మస్ ముందు ఇల్లు సర్దుతూ దాన్ని ముందుగదిలోని బైబిలు బల్ల పక్కకు జరిపినప్పటి నుంచి, అది ఆమె ఇంటి వస్తువుల్లో ఒకటైపోయింది. దారంతో తానే అల్లిన తెల్లటి గుడ్డ ఒకటి దాని మీద కప్పింది. వాళ్లింట్లో టీవీకి, ఫ్రిజ్‌కు, మిక్సీకి, ఆఖరికి గోడ మీది గడియారానికి కూడా గుడ్డలుండేవి.

అలా ఉండగా, పురానాపూల్ వైపు నుంచి మా గల్లీకి పాలు పోసే యాదమ్మ ఒక క్యాసెట్ పట్టుకొచ్చింది. కొంగులో చుట్టి తెచ్చింది.

"బాపు, ఇది నా పెండ్లిది. దీంట్ల మా అమ్మ ఉన్నదట. ఎన్నడు ఫోటో దిగనియ్యకపోయేది. ఎవ్వరన్న కెమెరా పడితె కొట్టంలకు ఉరుకుతుండె. మా మేనమామ చెప్పిండు, పెండ్లి వీడియోల ఒక్కదగ్గర ఉన్నదని."

"నువ్వు సూడలేదా బిడ్డా?"

"పెండ్లైనంక ఒక్కసారి ఏసిన్రు. నేను బర్ల దగ్గర ఉన్న. తర్వాత మా ఇండ్ల గా మిషినే లేకుండె. అమ్మ పోయి మస్తు ఏండ్లయింది బాపు. మొకం యాదికున్నది. గొంతు మాత్రం ఎంత తలుసుకున్నా వస్తలేదు."

డేవిడన్న క్యాసెట్ మూత ఎత్తి చూశాడు. టేపు అంచున తెల్లటి బూజు. నా వైపు చూశాడు కానీ యాదమ్మతో ఏమీ అనలేదు. ఆమె వెళ్లాక అన్నాడు: "చెల్లే, ఇది ఒక్కసారి తిరుగుతదేమో. రెండోసారికి ఉండదు. వానలు పడితె గా ఒక్కసారి కూడ ఉండదు."

సరిగ్గా ఆ వారంలోనే మా సర్వర్ మొండికేసింది.

క్యాసెట్ ఆడుతున్నంతసేపూ బొమ్మ వస్తూనే ఉంటుంది, ఆగదు. వచ్చింది వచ్చినట్టు డ్రైవ్ రాసుకోవాలి. డ్రైవ్ తడబడితే ఆ కాసేపటి బొమ్మ నేల మీద ఒలికిన పాలే. అంతకు ముందు రోజు మా ఎదురింటి వాళ్ల క్యాసెట్ ఎక్కిస్తుంటే, మొదట కాసేపు బాగానే నడిచి, తర్వాత ఉబ్బసం మనిషిలా ఆగి ఆగి రాసింది. తీరా చూస్తే తాళి కట్టే చోట పెళ్లికొడుకు చేయి గాల్లోనే ఆగిపోయి, ఆ తర్వాతి బొమ్మలో అందరూ భోజనాలు చేస్తున్నారు. ఆ క్యాసెట్ గట్టిది కాబట్టి మళ్లీ ఎక్కించుకోవచ్చు. యాదమ్మ క్యాసెట్‌కు ఆ అవకాశం లేదు. ఆమె తల్లి ఎక్కడ కనబడుతుందో మాకు తెలియదు. సరిగ్గా ఆ చోటే డ్రైవ్ ఆగితే ఆవిడ మళ్లీ దొరకదు.

డేవిడన్న యాదమ్మ క్యాసెట్‌ను బియ్యపు డబ్బాలో, పొడి బియ్యం మధ్య పెట్టాడు. డ్రైవ్‌ను పరీక్షించడానికి, టీవీలో నుంచి ఎవరో రికార్డు చేసుకున్న పాత క్రికెట్ మ్యాచ్ క్యాసెట్ ఒకటి తీశాడు. "ఇది ఎన్నిసార్లేసినా మనోళ్లు ఓడుడే. ఫికర్ లేదు" అన్నాడు. ఆయన ఒకటి మార్చడం, మ్యాచ్ వేయడం, డ్రైవ్ రాసే వేగం నేను చదివి చెప్పడం, ఇలా సాగింది మా పని. ఒకసారికి ఒకటే మార్చాలి. అది ఆయన నియమం. ఒకేసారి రెండు మార్చి, బాగైతే, దేనివల్ల బాగైందో తెలియదు కదా.

మొదట డ్రైవ్‌కు తగిలించే కేబుల్ మార్చాడు. వేగం సెకనుకు నాలుగు వందల ఎంబీకి పైన మొదలై, కాసేపటికి ఇరవైకి పడి, ఆ తర్వాత సున్నా దగ్గర ఊగిసలాడింది. కొత్త కేబుల్ తీసేసి పాతదే మళ్లీ బిగిస్తుంటే నాకు అర్థం కాలేదు.

"ఎట్లన్న తీసినవ్ కద అన్నా, కొత్తదే ఉండనియ్యరాదు?"

"పాతది మంచిదే అని తేలింది కద చెల్లే. మంచోణ్ని కొలువుల నుంచి తీసేస్తరా?"

తర్వాత వేడి. పెట్టె మీద వదిన గుడ్డ తీసి చూస్తే లోపల బాగానే కాగుతోంది. నాకు ఉత్సాహం వచ్చింది. "గదే! వదిన గుడ్డనే!" అన్నాను. గుడ్డ తీసి, చల్లబడనిచ్చి, మళ్లీ మ్యాచ్ వేశాం. వేడి తగ్గింది. ఆగడం మాత్రం తగ్గలేదు. "గుడ్డ తీసుడు మంచిదే. రోగం మాత్రం ఇది కాదు" అన్నాడాయన. పని నడిచేటప్పుడు తీసి, ఆపినప్పుడు కప్పాలని ఆ రోజు నుంచి ఒప్పందం. వదినను నొప్పించని ఒప్పందం అది.

మూడో అనుమానం నా దగ్గరే తేలింది. డ్రైవ్ దాదాపు నిండిపోయి ఉంది. ఎందుకంటే ప్రతి పెళ్లినీ నేను మూడు ప్రతులు చేసి పెట్టేదాన్ని. ఆఫీసు అలవాటు. డేవిడన్న ఆ మూడు వరుసలనూ చూసి చాలాసేపు నవ్వాడు. "ఒక్క పెట్టెలనే మూడు పెట్టినవ్. పెట్టె పోతె మూడు గలిసి పోతయ్ గద చెల్లే!" అదనపు ప్రతులు తుడిచేశాం. ఒక్కొక్క ప్రతి వేరే డిస్కులోకి పంపి దాన్ని బీరువాలో పెట్టాం. డ్రైవ్‌లో సగానికి పైగా జాగా వచ్చింది. ఇక అయిపోయిందనుకుని మ్యాచ్ వేశాం. ఆరో ఓవరులో బౌలరు పరుగెత్తుతూ పరుగెత్తుతూ మధ్యలో నిలబడిపోయాడు.

నాకు కోపం వచ్చింది. బయట మబ్బులు కమ్ముతున్నాయి. యాదమ్మ ఆ ఉదయం కూడా పాలు పోస్తూ, "బాపు, అయ్యిందా?" అని అడిగి, ఆయన తల అడ్డంగా ఊపితే క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది. "దుకాణపోడే మోసం చేసిండు. నకిలీ మాల్ అంటగట్టిండు. పోయి కాలర్ పట్టుకుందాం పా" అన్నాను.

"మోసపు మాలైతే మొదటి దినం నుంచే సతాయించాలె. మొదట్ల గుర్రం లెక్క ఉరికింది. అప్పటికి, ఇప్పటికి నడుమ ఏం మారింది? గది సోంచాయించు."

"నువ్వు ఎవ్వర్ని ఏమనవు. ఎట్ల దొరుకుతది?"

ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. నాతో ఆయన కాస్త గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే. "చెల్లే, ఒకపారి మా సెక్షన్ల సిగ్నల్ ఫెయిలైంది. బండ్లన్ని ఆగినయ్. సాబు వచ్చి, ఎవని డ్యూటీ, పేరు రాయి అన్నడు. నేను రాసిన: కేబుల్ జాయింట్ల నీళ్లు దిగినయ్, మూత పగిలింది అని. గది కాదు, పేరు కావాలె అన్నడు. పేరు రాస్తే ఒకనికి మెమో వస్తది. మూత పగిలే ఉంటది. మళ్ల వానకు బండ్లు మళ్ల ఆగుతయ్." కొంచెం ఆగి, "నాకు సుత మెమో వచ్చింది తియ్" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఎన్నో మెమోలు రాసిన చేయి నాది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మేమిద్దరం ఇంకా ఆ పెట్టె ముందే ఉన్నాం. అంత జాగా ఖాళీ చేసినా ఎందుకు ఆగుతోందో ఆయనకు అప్పుడే ఒక ఆలోచన తట్టింది. నాకు తెలిసిన సంగతులతో చెప్పాడు.

"బేగంబజార్ల గోదాం అనుకో. హమాలీ కొత్త మూట మోసుకొచ్చిండు. గోదాం నిండ పాత మూటలు. సేటు ఏమో, గవన్ని ఇగ పనికిరావని కాగితం మీద కొట్టేసిండు. కానీ హమాలీకి ఎవ్వరు చెప్పలే. వాడు ఒక్కొక్క పాత మూట లేపుడు, ఇంకోదగ్గర పెట్టుడు, గప్పుడు కొత్తది దించుడు. ఆలస్యం కాదా? మనం తుడిచినం, మంచిదే. తుడిచిన జాగా ఖాళీ అయిందని డ్రైవ్‌కు ఎవ్వరు చెప్పాలె?"

"నువ్వే చెప్పాలె."

"నేను పెట్టిన గద. వారానికి ఒకపారి దానంతట అదే చెప్పుకుంటది. సాఫ్ చేసుకుంటది. మొదట్లనే పెట్టిన."

"ఏ దినం పెట్టినవ్?"

"ఆదివారం. రైల్వేల లైన్ల పని ఆదివారమే గద. బండ్లు తక్కువుంటయ్, జనం తక్కువుంటరు. గదే అలవాటు."

అప్పుడు మెర్సీ వదిన వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇగ లేవుండ్రి ఇద్దరు. రేపు ఆదివారం. గానుగెద్దుకు సుత ఒక దినం ఇడుపు ఉంటది. ఇది ఆరు దినాలు తిరిగింది పాపం" అని, మా మధ్యలో నుంచి చేయి చాపి, ఆయన ఎప్పుడో నేర్పినట్టు పద్ధతిగా మీట నొక్కింది. నీలం లైటు ఆరింది. లోపలి ఫ్యాను నిట్టూర్చి ఆగింది. గోడ మీది స్విచ్చి కూడా కట్టేసి, తెల్లటి గుడ్డ నాలుగు వైపులా సమానంగా వచ్చేలా కప్పి, పైన చేత్తో ఒకసారి తట్టింది. "ఎప్పటి లెక్కనే సోమవారం పొద్దుగాల నేనే లేపుత" అంది.

డేవిడన్న గుడ్డ వైపు చూస్తున్నాడు. నేను ఆయన వైపు చూస్తున్నాను. క్రిస్మస్ నుంచి, ఆ పెట్టె బైబిలు బల్ల పక్కకు వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం అది నిద్రపోతోంది. తనను తాను శుభ్రం చేసుకోవాల్సిన ఆ ఒక్క రోజే నిద్రపోతోంది. ఆయన ఆదివారం చర్చికి వెళ్లొచ్చి, భోంచేసి పడుకునేవాడు. ఆ రోజున దాని జోలికి ఎప్పుడూ పోలేదు.

నా నోరు ఊరుకుంటుందా? "వదినా, ప్రతి శనివారం నువ్వు—"

"మెర్సీ," అన్నాడాయన తొందరగా, "చెల్లెకు చాయ్ పెట్టవా? జర అల్లం దంచెయ్. పొద్దంత గొంతు చించుకున్నది."

వదిన లోపలికి వెళ్లింది. అల్లం దంచే చప్పుడు మొదలైంది. నేను గొంతు తగ్గించాను. "అన్నా, ఇగ సూడు. దొరికింది గద!"

"దొరికింది చెల్లే. ఆదివారం దొరికింది."

"ఆదివారం కాదు అన్నా, వదిన—"

"రెండు మంచి పనులు ఒక్కదినమే వచ్చి కూసున్నయ్. ఒకదాన్ని జరుపుదం. బుధవారం ఖాళీగున్నది."

"వదినకు చెప్పవా?"

"చెప్పితె ఏమైతది? యాదమ్మ క్యాసెట్ నా వల్లనే ఆగింది అని పూరా జిందగీ ఫికర్ పడ్తది. రేపటి నుంచి గా మిషిన్ దిక్కే సూడదు. డ్రైవ్‌కు ఏం లాభం?" వదిన కప్పులతో రావడం చూసి గొంతు పెంచాడు. "మెర్సీ, అల్లం మస్తు పడ్డది!"

సోమవారం పొద్దున్నే ఆయన ఆ సాఫు చేసే పనిని తన చేతులతోనే నడిపించాడు. తర్వాత మ్యాచ్ వేశాం. నేను అంకెలు చదువుతూ కూర్చున్నాను. బౌలరు పరుగెత్తాడు, బంతి వేశాడు, మనవాళ్లు యథాప్రకారం ఓడారు. ఒక్క బొమ్మ కూడా ఒలకలేదు. అయినా ఆయన అదే రోజు యాదమ్మను పిలవలేదు. మర్నాడు మళ్లీ మొదటి నుంచీ వేసి చూసి, అప్పుడు కబురు పెట్టాడు.

బుధవారం యాదమ్మ పాల క్యాన్లు గేటు దగ్గరే దింపి, కాళ్లు కడుక్కుని వచ్చి నేల మీద కూర్చుంది. వదిన కుర్చీ చూపించినా ఎక్కలేదు. డేవిడన్న స్పిరిట్ దూదితో వీసీఆర్‌ను తుడిచి, ఆ తడి ఆరేదాకా ఆగి, క్యాసెట్ నెట్టాడు. నా పని తెర మూలన ఉన్న ఒక అంకెను చూడడం. డ్రైవ్ అందుకోలేక ఎన్ని బొమ్మలు ఒలికాయో ఆ అంకె చెబుతుంది. అది సున్నా. పెళ్లంతా నా పక్కన నడుస్తోంది. బాజాలు, తలంబ్రాలు, ఎవరో పిల్లవాడి ఏడుపు. నేను ఆ సున్నా మీద నుంచి కళ్లు తీయలేదు. అది ఒకటి అయిందంటే ఆ ఒకటి యాదమ్మ తల్లి కావచ్చు.

అప్పుడు ఒక గొంతు వినబడింది. గరుకుగా, తొందరగా, నవ్వును అణచుకుంటున్నట్టుగా. "నన్నేం తీస్తవ్ కొడకా? పోయి పిల్లను తియ్యి!"

తల తిప్పకుండా ఉండలేకపోయాను. పొగలో, పెద్ద గుండిగ పక్కన, గరిటె పట్టుకున్న మనిషి కెమెరాకు చేయి అడ్డం పెడుతోంది. పెట్టిన చేతి వేళ్ల మధ్య నుంచే నవ్వుతోంది. అంతే, కెమెరా పక్కకు తిరిగిపోయింది. నేను అంకె వైపు చూశాను. సున్నాయే.

యాదమ్మ ఏడుస్తుందనుకున్నాం. ఆమె తొడ మీద చరుచుకుని నవ్వింది. "సూసినవా బాపు, ఎట్ల కసురుకుంటదో! గదే గొంతు! గిట్లనే తిడ్తుండె నన్ను!" నవ్వుతూ నవ్వుతూనే ముఖం కొంగులో దాచుకుంది. వదిన వెళ్లి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

కాసేపటికి వీసీఆర్ కీచుమంది. డేవిడన్న పరుగున వెళ్లి ఆపేలోపే టేపు ముడుచుకుని తెగిపోయింది. ఆ మిగిలిన భాగం ఇక దొరకదు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. యాదమ్మ కళ్లు తుడుచుకుని, "పోనీ తియ్ బాపు. మిగిలినదాంట్ల మా ఆయన దిక్కోళ్లే ఉంటరు" అంది. ఆ రోజు మేం నవ్విన నవ్వుకు స్టేషన్‌లో వచ్చి ఆగే రైలు చప్పుడు కూడా వినబడలేదు.

పోతూ పోతూ యాదమ్మ అడిగింది: "గిన్ని దినాలు ఆగింది గద బాపు, ఇప్పుడెట్ల అయ్యింది? ఎవరు జేసిన్రు?"

నేను డేవిడన్న ముఖం చూశాను. ఆయన తడుముకోకుండా, "మీ మెర్సీ అమ్మకు చెప్పు బిడ్డా. మిషిన్‌కు సుత ఇడుపు ఉండాలె అని యాది చేసింది ఆమెనే. గట్ల చెప్పకపోతె మాకు తట్టకపోవు" అన్నాడు. నిజం చెప్పాడు. ఎక్కడా ఒక్క అబద్ధం లేదు. వదిన, "నేను ఎప్పటిసంది మొత్తుకుంటున్న, ఇంటరా ఈళ్లు!" అంటూ యాదమ్మ చేతిలో నాలుగు అరటిపళ్లు పెట్టింది.

గేటు దగ్గర నేను ఊరుకోలేకపోయాను. "ఆపినామెకే మార్కులేస్తివి గదన్నా!"

"ఆమె మిషిన్‌ను సుత మనిషి లెక్క సూసింది చెల్లే" అన్నాడాయన. "గది తప్పు ఎట్లైతది?"

డేవిడన్న పోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం, భోంచేసి పడుకున్న మనిషి లేవలేదు. గోనెసంచుల్లో మిగిలిన క్యాసెట్లు ఇప్పుడు నేనే ఎక్కిస్తున్నాను. ఎప్పుడైనా ఆగితే ఒకసారికి ఒకటే మారుస్తాను. మంచిదని తేలినదాన్ని తిరిగి దాని చోటే బిగిస్తాను. ఈ పద్ధతి డ్రైవ్ దగ్గరే ఆగిపోలేదు. మొన్నామధ్య మా ఇంట్లో నా బీపీ మాత్రలు తారుమారయ్యాయి. మాత్రల డబ్బా ఎవరు నింపారని అడగబోయి, ముందు తారుమారైన ఆ రెండు మాత్రల షీట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే రంగు, ఒకే పరిమాణం. ఒకదాన్ని తీసి వేరే గూట్లో పెట్టాను. ఆ సాయంత్రం మా కోడలు చాయ్ తెచ్చి, చాలా రోజుల తర్వాత, నా పక్కనే కూర్చుని తాగింది. డబ్బా ఎవరు నింపారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి తేలకపోయినా నాకు అన్నం సహించింది.

ఆయన కోసం ఆ సర్వర్ అంతా వెతికాను. మా గల్లీ మొత్తం అందులో ఉంది. పెళ్లిళ్లు, ఊరేగింపులు, బారసాలలు, ఎప్పుడో పోయినవాళ్లు, ఇప్పుడు నెరిసిపోయినా అప్పుడు నల్లటి తలలతో ఉన్నవాళ్లు. డేవిడన్న మాత్రం ఎక్కడా లేడు. ఆ పెళ్లిళ్ల నాటికి ఆయన రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నాడు. ఇక్కడికి వచ్చాక ఎప్పుడూ మిషిన్ వెనకే కూర్చున్నాడు. అందుకే ఇది రాయాలనిపించింది.

బయటికి పంపే ముందు మెర్సీ వదినకు చదివి వినిపించాను. శనివారం సాయంత్రం దగ్గరికి వచ్చేసరికి ఆగాను. రెండు పేరాలు దాటేద్దామా అని కాగితం తిప్పబోయాను.

"సదువు" అంది వదిన. "నాకు ఎరుకనే. అల్లం దంచుకుంటనే ఇన్న. నాకు తెల్వదని ఆయన గంత సంబురపడ్డడు, ఎందుకు ఖరాబ్ చేసుడని ఊకున్న."

పూర్తిగా చదివాను. ఆమె చివరిదాకా విని, లేచి వెళ్లి, పెట్టె మీది గుడ్డ తానే తీసి మడత పెట్టింది. ఈ వ్యాసం ఒక ప్రతి, ఒక్కటంటే ఒక్కటే, యాదమ్మ పెళ్లి పక్కన పెట్టాను. డ్రైవ్ ఎక్కడా ఆగకుండా రాసుకుంది.